కొర్ర గంజి పడుగు

రుద్రమ్మ ఎడమచేతి వేళ్ల సందున పాత పోగు, కుడిచేతి వేళ్ల సందున కొత్త పోగు పట్టుకుని, రెండు కొసలూ దగ్గరికి చేర్చి, ఒక్క మెలిక తిప్పి, ఆ మెలికను వెనక్కి మడిచి బొటనవేలితో రుద్దింది. అతుకు జారిపోయింది. పక్కనున్న తడిగుడ్డ మీద వేలు అద్ది మళ్లీ రుద్దింది. ఈసారి నిలిచింది గానీ ఆమెకు నచ్చలేదు. తడి ఎక్కువై అతుకు ఉబ్బింది. పళ్లబిగువున ఒక తిట్టు తిట్టి, దాన్ని తుంచి పారేసి, మళ్లీ మొదలుపెట్టింది.

సిద్ధప్ప ఇంటి నడవలో, గుంట మగ్గం వెనక, గోనెపట్టా మీద కూర్చుని ఉందామె. ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరుస, నేయడం అయిపోయాక దాని కొసలు మగ్గంలో మిగిలి వేలాడుతుంటాయి. కొత్త పడుగు తెచ్చి, ఆ కొసలకు ఒక్కొక్క పోగే అతకాలి. ముడి వేయకూడదు. ముడి వేస్తే దువ్వెనలాంటి పన్నె పళ్లలో ఇరుక్కుని పోగు తెగుతుంది. మెలి తిప్పి రుద్దాలి, అంతే. ఎమ్మిగనూరు నేతవీధిలో పెళ్లయి వచ్చిన నాటి నుంచీ రుద్రమ్మ బతుకు ఇదే. బట్ట కట్టుకునేవాళ్లకు దాన్ని నేసినవాడే ఎవరో తెలియదు, ఇక అతికిన మనిషిని అడిగేదెవరు? అయినా ఆమె మెడ మాత్రం జమీందారిణి మెడలా నిటారుగా ఉండేది. తాను అతికిన పోగు పన్నెలో తెగిందని ఇంతవరకూ ఎవడూ అనలేదని ఆమె గర్వం. ఆ గర్వం దాచుకునే అలవాటు ఆమెకు లేదు.

ఆ మాట మూడు నెలల కిందటి వరకు నిజమే. మొన్న బసవన్న మగ్గం మీద రెండు మూడు అతుకులు జారిపోయాయి. బసవన్న మంచివాడు, ముఖాన ఏమీ అనలేదు. తర్వాతి పడుగుకు మాత్రం పుల్లన్నను పిలిపించుకున్నాడు. పుల్లన్న వేలికి బూడిద పూసుకుని అతికే రకం. అతని అతుకు కందిగింజంత ఉంటుందని రుద్రమ్మ వెక్కిరించేది. ఇప్పుడు అదే పుల్లన్న వీధిలో ఈ కొసన ఉంటే ఆమె ఆ కొస నుంచి పోతోంది. రుద్రమ్మ చెయ్యి పోయిందని వీధిలో నలుగురూ అనుకుంటున్నారని ఆమెకు తెలుసు. ఒంట్లో ఉన్న జబ్బుల కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువగా తింటోంది.

నిజానికి పోయింది చెయ్యి కాదు, పెదవి. ఆమె పనితనమంతా పెదవిలో ఉంది. పోగు కొసను పెదవుల మధ్య నుంచి ఒక్కసారి లాగితే, పోగుకు పట్టిన గంజి కావలసినంతే తడిసి, అతుకు అతుక్కుని ఆరిపోయేది. పోగు ఎక్కడ సన్నమో ఎక్కడ లావో పెదవికి తెలిసినంత వేలికి తెలియదని ఆమె అనేది. మూడు నెలలుగా పోగును పెదవి దగ్గరికి రానివ్వడం లేదు. ఆదోని డాక్టరు ఒట్టు వేయించుకున్నాడు.

అలవాటు ఒట్టు మాట వింటుందా? ఎన్నో పోగు దగ్గరో తెలియదు, జారిపోతున్న కొస ఒకటి దానంతట అదే పెదవుల మధ్యకు పోయింది. ఉలిక్కిపడి ఉమ్మేయబోయి ఆగింది. మైదా గంజికి ఉండే జిగట, ఆ చప్పటి పులుపు నాలుకకు తగల్లేదు. కాస్త తియ్యగా, పచ్చిపచ్చిగా ఇంకేదో రుచి. చిన్నప్పుడు కోసిగిలో అమ్మ పెట్టిన కూటి రుచి. ఇంకో పోగు పెదవికి ఆనించి చూసింది. కొర్రలు.

సిద్ధప్ప వాకిట్లో నిలబడి ఆమె వైపే చూస్తున్నాడు. ముప్పై అయిదేళ్లవాడు, మాట తక్కువ. పక్కనే అతని భార్య ఉరుకుందమ్మ, చేటలో ఏమీ లేకపోయినా చెరుగుతున్నట్టు నటిస్తోంది.

"మైదా పెట్టలేదక్కా," అన్నాడు సిద్ధప్ప. "ఉరుకుందమ్మ కొర్రలు నానేసి, రుబ్బి కాసింది. నువ్వు పెదవితోనే అతుకు."

కొర్ర గంజికి మైదాకున్నంత పట్టు ఉండదు. పూసిన పొద్దే అతికి, పడుగును మగ్గం మీద బిగించేయాలి. తెల్లారితే పోగు మీద నూగు లేచి, అంటుకుని, పడుగు పడుగే పాడవుతుంది. పైగా ఇది మామూలు పడుగు కాదు, సన్నపోగు పంచెల పడుగు. సిద్ధప్ప ఇంటి కూడంతా దీని మీదే ఉంది. ఆ సంగతే ఆమె అడిగింది.

"పోతే నా పడుగు పోతాది," అన్నాడు సిద్ధప్ప. "పుల్లన్న సేత అతికించి ఈ పోగును సంపుకోలేను."

రుద్రమ్మ తడిగుడ్డను తీసి అవతలికి విసిరేసింది. పైటకొంగుతో కళ్లు తుడుచుకుని, అది చెమట అన్నట్టు మెడ కూడా తుడుచుకుంది. తర్వాత ఆమె చేతులు ఎట్లా కదిలాయో ఉరుకుందమ్మ చాలా ఏళ్లు చెప్పుకుంది. పోగు, పెదవి, మెలిక, రుద్దు. పోగు, పెదవి, మెలిక, రుద్దు. ఆ వేళ్లను చూస్తే జబ్బుమనిషి అని ఎవరూ అనరు.

తక్కిన ఒళ్లు చూస్తే మాత్రం తెలిసిపోయేది. నలభై దాటి ఎంతో కాలేదు, చూడటానికి అరవై. మణికట్లు పుల్లల్లా ఉండి, గాజులు మోచేతి దాకా జారేవి. పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. దాన్ని చూసి ఒకప్పుడు అమ్మలక్కలు వాపును బలుపనుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. గోళ్లు పెళుసు, జుట్టు పలచన, కళ్లలో పొర కమ్ముతోంది. చెంప అప్పుడప్పుడూ దానంతటదే అదిరేది.

ఈ జబ్బు పెద్ద యుద్ధం నాటిది. ధాన్యం కరువై, తినే కొర్రలు గంజికి ఎవరు పోస్తారని, ఆదోని అంగళ్లలో మైదా మూటలు దిగితే వీధివీధంతా మైదా గంజికి మారింది. రుద్రమ్మకు కడుపులో బాధ మొదలైంది అప్పుడే. తిన్నది ఒంటికి పట్టేది కాదు, పొద్దుకు నాలుగుసార్లు చెంబు పట్టుకుని పరుగు. కడుపు రెండుసార్లు నిలిచి రెండుసార్లూ జారింది. మంది బిడ్డల్ని చూసి ఏడ్చే ఆడదాన్ని కానని వీధిలో గొప్పగా చెప్పుకునేది, చెప్పుకుని ఇంట్లోకి పోయి ఏడ్చేది. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు కరువు వచ్చింది. గంజి కేంద్రాల్లో గోధుమ నూక కాచి పోశారు. ఆ గంజితో ఊరంతా ప్రాణం నిలుపుకుంది, రుద్రమ్మ మాత్రం మంచం పట్టింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వినవాళ్లున్నారు.

ఆ మీదట చేతులు బిగుసుకోవడం మొదలైంది. ముందు మూతి చుట్టూ, వేళ్ల కొనల్లో చీమలు పాకినట్టుండేది. తర్వాత బొటనవేలు లోపలికి ముడుచుకుని, తక్కిన వేళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని, మణికట్టు వంగిపోయేది. ఎవరు లాగినా రాదు. గాలి సోకిందన్నారు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నారు, తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టారు కూడా. వేపమండ పట్టినవాడితో ఆమె, దెబ్బకు నా పని సేసే సెయ్యి ఇరిగితే నీకు పుట్టగతులుండవని చెప్పింది. వాడు ఎడమచేతి వైపుకు జరిగి కొట్టాడు.

చివరకు మొగుడు నరసప్ప ఆదోనికి తీసుకుపోయాడు. నరసప్ప నూలుకు రంగులద్దే మనిషి. మోచేతుల దాకా నీలం, ఎంత తోమినా పోదు. ఆదోనిలో చిన్న ఆసుపత్రి పెట్టుకున్న డాక్టరు జయరాజు రాయవేలూరులో చదివి వచ్చినవాడు. ఆయన రుద్రమ్మ దండచేతికి రక్తపోటు చూసే గాలిపట్టీ చుట్టి, గాలి కొట్టి, అలాగే ఉంచాడు. కాసేపటికి అందరూ చూస్తుండగానే చెయ్యి బిగుసుకుంది. పట్టీ వదిలితే మెల్లగా విడివడింది. చెవి ముందు చెంపను వేలితో తడితే పెదవి ఎగిరిపడింది. నరసప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్లుగా తమను ఏడిపించిన దయ్యం ఈయన గాలిపట్టీ చెబితే వింటోందేమని అనుకున్నాడు.

డాక్టరు ఓపికగా చెప్పాడు. ఇవి రెండు జబ్బులు, ఒకే మనిషిలో కలిసి కూర్చున్నాయి. గొంతులో పెసరగింజంత గ్రంథులు నాలుగుంటాయి, నెత్తురులో సున్నపు సత్తువ తగ్గకుండా చూసేవి అవే, ఈమెకు అవి పనిచేయడం లేదు. అందుకే చేతులు బిగుస్తున్నాయి. ఇక రెండోది, గోధుమ ఈమె పేగుకు పడదు. పేగు లోపల తువ్వాలుకు ఉన్నట్టు నూగు ఉంటుంది, గోధుమ తగిలితే ఈమెకు ఆ నూగు రాలిపోతుంది, తిన్న తిండిలో సత్తువ ఒంటికి ఎక్కదు. అంటే ఉన్న కాస్త సున్నమూ నిలవదన్నమాట. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కదా అని నరసప్ప అన్నాడు. డాక్టరు అవునన్నాడు. గోధుమ మానితే పేగు బాగుపడవచ్చు. గొంతులో జబ్బు మాత్రం పోయేది కాదు, బిళ్లలు మింగుతూ పదిహేను రోజులకోసారి వచ్చి సూది వేయించుకోవాలి. సూది తప్పితే బిగింపు చేతులతో ఆగకపోవచ్చు, గొంతుకూ రావచ్చు.

గోధుమ మానేసింది. అయినా నయం కాలేదు. రెండోసారి పోయినప్పుడు డాక్టరు దొంగతనంగా ఏమైనా తింటున్నావా అని అడిగాడు. రుద్రమ్మ ముక్కుపుటాలు అదిరాయి. నరసప్ప భయపడి, ఇది అబద్ధం ఆడే మనిషి కాదు, పొద్దంతా పని తప్ప తిండి ధ్యాసే ఉండదని, ఆ పని ఎట్లా ఉంటుందో కూడా చేసి చూపించాడు. నీలం వేళ్లతో లేని పోగు పట్టుకుని, పెదవుల మధ్య నుంచి లాగి, మెలి తిప్పాడు. మళ్లీ లాగాడు. డాక్టరు ఆ వేళ్ల వైపే చూస్తూ, పోగుకు ఏం పూస్తారని అడిగాడు. గంజి అన్నాడు నరసప్ప. దేని గంజి? మైదా, అనబోయి నోరు తెరిచినవాడు అట్లాగే ఉండిపోయాడు. పడుగుకు పట్టే గంజిని ఏ సాలెవాడూ తిండిలో లెక్కపెట్టడు.

రుద్రమ్మ ఒక్క మాటే అడిగింది, జారిపోయిన ఇద్దరు బిడ్డలూ ఇందుకేనా అని. తెలియదమ్మా, ఉండవచ్చు, అని డాక్టరు తల వంచుకున్నాడు. బస్సులో తిరిగివస్తూ, ఆదోని జిన్నింగు మిల్లుల దూది రోడ్డంతా ఎగురుతుంటే, ఆమె ఆ దూదిని పగవాణ్ణి చూసినట్టు చూసింది. వారం రోజులు పోగు ముట్టలేదు. ఎనిమిదోనాడు తనే పోయి తడిగుడ్డ పెట్టుకుని కూర్చుంది. ఇంకేం పని వచ్చు ఆమెకు? వచ్చినా చేస్తుందా?

కొర్ర గంజి పడుగు అతుకుతున్న ఈ రోజే సూది రోజు. పొద్దు బారెడెక్కేసరికి నరసప్ప ఉతికిన చొక్కా తొడుక్కుని సిద్ధప్ప వాకిట్లోకి వచ్చాడు. సంతపేట దగ్గర బస్సు నిలబడి ఉంది, లెయ్యి అన్నాడు. రుద్రమ్మ లేవలేదు. రేపు పోదామంది. పోయినసారి సూది ఒక్కరోజు ఆలస్యమైతే నడివీధిలో పడిపోయింది మరిచావా అని నరసప్ప గొంతు పెంచాడు. ఈ రోజు సూది రోజని సిద్ధప్పకు తెలియదు. అతను గాభరాపడి, పడుగు పోతే పోయింది, పోయి రమ్మని బతిమాలాడు.

రుద్రమ్మ చేతిలో అతుకు పూర్తి చేసి, అప్పుడు తలెత్తింది.

"నేనొక్క ముండను బాగుండాలని ఈయప్ప తినే కొర్రలు గంజికి పోసినాడు. నేను లేసి బస్సెక్కితే ఈ పడుగు రేపటికి సచ్చిపోతాది. మళ్లీ ఈ వీధిలో ఏ మొగం పెట్టుకుని కూసోవాల?" అంది. తర్వాత మెల్లగా, "నీ సెయ్యి నీలం పోతే నువ్వు బతుకుతావా? నన్నూ అట్లనే అనుకో," అంది.

నరసప్ప బస్సుకు పోలేదు, పనికీ పోలేదు. గడప మీద కూర్చుండిపోయాడు. భార్య మొండితనం అతనికి కొత్త కాదు. ఇది మొండితనం కాదని కూడా అతనికి తెలుసు.

మధ్యాహ్నం జొన్నరొట్టె తిని కూర్చున్న కాసేపటికి మూతి చుట్టూ చీమలు పాకాయి. రుద్రమ్మ ఎవరికీ చెప్పలేదు. కొంగున కట్టుకున్న సున్నపు బిళ్లలు రెండు నమిలింది. ఇంకా కొన్ని పోగులు అతికింది. అప్పుడు కుడిచెయ్యి బిగిసింది. వేళ్లన్నీ దగ్గరికి చేరి, బొటనవేలు వాటి కిందికి దూరింది. ఎవరైనా చూస్తే ఇంకా పోగు పట్టుకునే ఉందనుకుంటారు. ఆమె ఆ చేతిని చంకలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నిదానంగా ఊపిరి తీసుకుంటూ కూర్చుంది. ఉరుకుందమ్మ వేడినీళ్ల గుడ్డ తెచ్చి మణికట్టుకు చుట్టింది. చాలాసేపటికి వేళ్లు విడివడ్డాయి. రుద్రమ్మ వాటిని ఒక్కొక్కటే విరుచుకుని, పారిపోయి తిరిగొచ్చిన పిల్లల్ని చూసినట్టు కోపంగా చూసి, మళ్లీ పోగు అందుకుంది.

పొద్దు వాలుతుండగా చివరి అతుకు పడింది.

ఇప్పుడే అసలు పరీక్ష. అతుకులన్నీ పన్నెలో నుంచి ఇవతలికి రావాలి. ఒక్క అతుకు జారినా పక్కపోగును పట్టుకుని లాగుతుంది, ఒకటి పది అవుతుంది. సంగతి వీధిలో పాకినట్టుంది. బసవన్న వచ్చి నిలబడ్డాడు. పుల్లన్న కూడా వచ్చి తలుపు వెనక నిలబడ్డాడు. సిద్ధప్ప గుంటలోకి దిగి, బట్ట చుట్టుకునే దోనెను మెల్లగా తిప్పాడు. పడుగు కదిలింది. అతుకుల వరుస పన్నె దగ్గరికి వచ్చింది, పన్నెలోకి దూరింది. సిద్ధప్ప ఇంకొంచెం తిప్పాడు. వరుస ఇవతలికి వచ్చింది. ఒక్క పోగూ తెగలేదు. అతను పన్నె మీద అరచేయి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు, నిమిరి రుద్రమ్మ వైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం చాలు ఆమెకు.

బసవన్న గొంతు సవరించుకున్నాడు. "నా మగ్గానికి ఎప్పుడొస్తావక్కా?"

"కొర్ర గంజి కాసినపొద్దు పిలువు," అంది రుద్రమ్మ. "వస్తానో రానో అప్పుడు సూస్తా."

అందరూ నవ్వారు. పుల్లన్న కూడా నవ్వాడు. ఇంటికి పోతూ ఆమె మూడు నెలలుగా నడుస్తున్నట్టు గోడవార నడవలేదు. వీధి నడుమన, పడుగులు ఆరేసే చోట, మెడ నిటారుగా పెట్టి నడిచింది. నరసప్ప వెనక నడుస్తూ, పెళ్లయిన కొత్తలో ఈ నడక చూసే కదా వీధంతా తన మీద కుళ్లుకుందని గుర్తు చేసుకున్నాడు.

ఇంటికి చేరాక నరసప్ప పొయ్యి ముట్టించి సంకటికి ఎసరు పెట్టాడు. రుద్రమ్మ గోడకు ఆనుకుని కాళ్లు బారజాపుకుంది. తెల్లారి మొదటి బస్సుకే పోదామని తనే అంది. ఉరుకుందమ్మ కాచిన గంజి ఎంత సమంగా ఉందో, ఒక్క ఉండ కూడా తగలలేదని చెప్పింది. కొర్ర గంజి మాట ఇంకో నాలుగిళ్లలో చెబితే వింటారేమో అంది. తర్వాత, సంకటి మెత్తగా కలుపు, పళ్లు నొస్తాండాయి అంది. నరసప్ప తెడ్డు తిప్పుతూ సరేనన్నాడు. వెనక సన్నగా, ఊపిరి లోపలికి ఈడ్చుకున్నట్టు ఒక చప్పుడయింది. తిరిగి చూసేసరికి ఆమె తల గోడకు వాలి ఉంది. అతను దగ్గరికి పోయి పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. పొయ్యి మీద సంకటి అడుగంటింది. అంతే, రుద్రమ్మ పోయింది.

ఆమెను మట్టి చేసిన మూడోనాడు సిద్ధప్ప నరసప్ప ఇంటికి వచ్చాడు. గంజి మార్చకపోయుంటే ఆమె ఆ పొద్దు బస్సు ఎక్కేదని, తన వల్లే పోయిందని, గడప బయటే నిలబడి ఏడ్చాడు.

"అట్లనొద్దప్పా," అన్నాడు నరసప్ప. "ఆ సాయంత్రం దాని నడక నువ్వు సూడలేదు. నేను సూసినా."

సిద్ధప్ప చంకలో ఒక చిన్న గుడ్డ ఉంది. కొత్త పడుగు మొదట్లో అతుకులు పడే జానెడు బట్టను నేతగాళ్లు కోసి పారేస్తారు, లేదా దాంతో మగ్గం తుడుచుకుంటారు. సిద్ధప్ప దాన్ని మడిచి తెచ్చాడు. నరసప్ప వెంటనే అందుకోలేదు. పెరట్లోకి పోయి చింతపండు, ఇటుకపొడి పెట్టి చేతులు తోముకుని, ఆరబెట్టుకుని వచ్చి అప్పుడు తీసుకున్నాడు. గుడ్డను వెలుతురుకు పట్టాడు. బొటనవేలితో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమాడు, కళ్లు మూసుకుని మళ్లీ తడిమాడు. ఒక్క అతుకూ వేలికి తగల్లేదు.

ఆ పీలిక ఇప్పటికీ ఆ ఇంటి గోడమేకుకు వేలాడుతోంది, తెల్లగా, జానెడు పొడవున, పాత పోగు ఎక్కడ ఆగిందో కొత్త పోగు ఎక్కడ మొదలయిందో ఎవరి వేలికీ చిక్కకుండా.